చేతికందిన పుస్తకము

పంచాయతీ సమావేశమునకు కార్యసూచి సిద్ధమగునప్పుడు అందులో ఏమేమి చేరునో సభ్యులందరికిని తెలిసినదే. త్రాగునీటి గొట్టము, వీధిదీపములు, మురుగు కాలువ, సిమెంటు రోడ్డు, ఇంటిపన్ను వసూలు. ఇవన్నియు అవసరమైనవే. వీనిని తక్కువచేసి చెప్పుట మా ఉద్దేశము కాదు. అయితే గ్రామమున నివసించు మనిషి కష్టకాలమున ధైర్యము తెచ్చుకొనుటకును, దురలవాటు మానుకొనుటకును, బిడ్డల భవిష్యత్తును గూర్చి నిదానముగా ఆలోచించుటకును తోడ్పడు విషయము ఆ కార్యసూచిలో ఎన్నడో గాని కానరాదు. పుస్తకము అట్టి విషయము.

రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. రోడ్లు, వంతెనలు అందులో 13వ విషయము. వయోజన విద్య 19వది. గ్రంథాలయములు 20వది. అనగా రోడ్డు ఎట్లు పంచాయతీ విషయమో గ్రంథాలయమును అట్లే. రోడ్డు పాడైనచో ఊరివారు వచ్చి అడుగుదురు. గ్రంథాలయమునకు తాళము పడినచో అడుగువారు లేరు. భేదమంతయు అక్కడనే యున్నది.

మనిషిని పెంచు పుస్తకము అనగా ఎట్టిది? ఈనాడు బస్సు స్టాండులలోను, రైల్వే స్టేషనులలోను ‘వ్యక్తిత్వ వికాసము’ అను పేర గుట్టలుగా పుస్తకములు అమ్ముడగుచున్నవి. కొలది దినములలో ధనవంతులగు మార్గము, నలుగురిని వశపరచుకొను ఉపాయము, భయమును జయించు చిట్కాలు వీనిలో ఉండును. మంచివి లేకపోలేదు. కాని పెక్కింటిలో ఒక లోపము కలదు. మనిషి బాగుపడుట యన్నది కేవలము అతని సంకల్పముమీదనే ఆధారపడినట్లును, బాగుపడనివాడు సంకల్పము చాలనివాడైనట్లును అవి చెప్పును. వరుసగా రెండు పంటలు పోయి అప్పులలో చిక్కిన రైతునకు నీ మనోబలము చాలలేదని చెప్పుట న్యాయము కాదు.

విచిత్రమేమనగా, ఈ జాతి పుస్తకములకెల్ల పెద్దదిక్కని చెప్పదగిన గ్రంథము పుట్టినది ఒంటరి మనిషి సంకల్పము నుండి కాదు. శామ్యూల్ స్మైల్స్ అను స్కాట్లండు దేశీయుడు 1859లో ‘సెల్ఫ్ హెల్ప్’ అను పుస్తకమును ప్రకటించెను. స్వయంసహాయమని దాని అర్థము. మొదటి సంవత్సరములోనే 20,000 ప్రతులు అమ్ముడైనవి. 1871లో నకమురా మసనావో దానిని జపాను భాషలోనికి తెచ్చెను. నాటి జపాను యువకులు దానిని విరివిగా చదివిరి. ఇంత ప్రచారము పొందిన ఆ గ్రంథము ఎట్లు పుట్టినదో దాని పీఠికలోనే రచయిత తెలిపినాడు. ఇంగ్లండులోని లీడ్స్ పట్టణమున కష్టము చేసి బ్రతుకు యువకులు ఇద్దరు ముగ్గురు, చలికాలపు సాయంకాలములయందు ఒకచోట కూడి, ఒకరికి తెలిసినదానిని మరియొకరికి నేర్పుకొన మొదలిడిరి. ఒకరు చదువుట, వ్రాయుట నేర్పిన, మరియొకరు లెక్కలు నేర్పిరి. వారిలో ఒకని చిన్న యింటిలో ఆరంభమైన యీ కూటము నానాటికి పెరిగి సుమారు నూరుగురికి చేరెను. చోటు చాలలేదు. కలరా వ్యాపించిన కాలమున తాత్కాలికముగా ఆసుపత్రిగా వాడిన గది యొకటి ఆ పట్టణమున ఉండెను. రోగభయముచే దానిని ఎవ్వరును అద్దెకు తీసికొనకుండిరి. వీరు తీసికొనిరి. వచ్చి తమకు నాలుగు మంచిమాటలు చెప్పవలసినదిగా స్మైల్సును కోరిరి. 1845లో ఆయన వారి యెదుట చేసిన ప్రసంగములే పెరిగి ఆ పుస్తకమైనవి.

కావున స్వయంసహాయము అనుదానికి వెనుక పరస్పర సహాయము ఉన్నది. ఈ సంగతి మన గ్రామములలో స్వయం సహాయక సంఘములు నడుపుచున్న అక్కచెల్లెండ్రకు వేరుగా చెప్పనక్కరలేదు. మంచి పుస్తకము తనంతట తాను వచ్చి మనిషి ఒడిలో పడదు. ఎవరో ఒకరు దానిని చేతికందించవలెను. పుస్తకము వలన జీవితము మారినదని చెప్పుకొన్న మహనీయుల చరిత్రలను పరిశీలించినచో ఆ అందించిన చేయి తప్పక కానవచ్చును.

గాంధీమహాత్ముని ఉదాహరణము చూడుడు. 1904లో ఆయన దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గు నుండి డర్బనుకు ప్రయాణమయ్యెను. సాగనంపుటకు స్టేషనుకు వచ్చిన మిత్రుడు హెన్రీ పోలక్, దారిలో చదువుకొనుటకని ఒక పుస్తకమును ఆయన చేతిలో పెట్టెను. అది జాన్ రస్కిన్ అను ఆంగ్ల రచయిత వ్రాసిన ‘అన్‌టు దిస్ లాస్ట్’. ఇరువదినాలుగు గంటల ప్రయాణము. చదువ మొదలిడిన పిదప గాంధీజీ దానిని క్రింద పెట్టలేకపోయెను. రైలు సాయంకాలమునకు డర్బను చేరెను. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. అందరి మేలులోనే ఒక్కని మేలు ఇమిడి యున్నదనియు, న్యాయవాది పనికిని మంగలి పనికిని విలువ ఒక్కటేయనియు, దున్నువాని బ్రతుకు, చేతిపని చేయువాని బ్రతుకే బ్రతుకదగిన బ్రతుకనియు ఆయన దానినుండి గ్రహించెను. వీనిలో మొదటిది తనకు ముందే తెలుసుననియు, రెండవది మసకగా తోచుచుండెననియు, మూడవది ఎన్నడును తట్టలేదనియు ఆయన తన ఆత్మకథలో చెప్పుకొనెను.

ఇందులో గమనింపదగిన విషయమొకటి కలదు. పుస్తకము ఆయనను మరియొక మనిషిగా చేయలేదు. లోపల నిద్రించుచున్న దానిని లేపినది. మరియు చదివినదానిని ఆయన మనస్సులోనే ఉంచుకొనలేదు. ఆ సంవత్సరమే డర్బనుకు సుమారు 14 మైళ్ల దూరమున ఫీనిక్సు అనుచోట వేయి పౌనులకు నూరు ఎకరముల భూమి కొనబడెను. ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక ముద్రణాలయము అక్కడికి తరలెను. పనివారందరికి, చేయు పని యేదైనను, ఒక్కటే జీతము ఏర్పడెను. 1908లో గాంధీజీ ఆ పుస్తక సారాంశమును గుజరాతీలో వ్రాసి దానికి ‘సర్వోదయ’ అని పేరిడెను. తరువాతి కాలమున మన దేశమంతట వినవచ్చిన ఆ మాట, ఒక మిత్రుడు రైలు దగ్గర అందించిన పుస్తకము మూలమున పుట్టినది.

ఇంకొక చిన్న సంగతి. గాంధీజీ బాల్యమున ఆయన మనస్సుకు హత్తుకొన్న పుస్తకము శ్రవణుని పితృభక్తిని గూర్చిన నాటకము. తండ్రి కొనితెచ్చినది ఇంటిలో పడియుండగా బాలుడు చదివెను. ఆ దినములలోనే ఊరూర తిరుగుచు బొమ్మలు చూపువారు, శ్రవణుడు తల్లిదండ్రులను కావడిలో మోయుచున్న బొమ్మను చూపించిరి. చదివినదియు చూచినదియు కలిసి నిలిచిపోయినవి. హరికథలు, బుర్రకథలు, తోలుబొమ్మలు తెలిసిన మన గ్రామములకు ఇది క్రొత్త విషయము కాదు. వేమన పద్యములు కాగితముపైకి ఎక్కకమునుపే నోట నోట తిరిగినవి. బ్రౌను దొర వానిని సేకరించి 1829లో అచ్చువేయించునాటికి, అక్షరము రాని రైతులకును అవి కంఠస్థములై యుండెను. ప్రక్కవాడు చదివి వినిపించుట, వినిన దానిని నలుగురు చర్చించుట మన దేశమున చదువునకు సహజమైన రూపము. మూలనున్న కుర్చీలో మౌనముగా కూర్చుండి చదువుటయే చదువనుకొనుట పొరపాటు.

తెలుగుదేశమున ఈ సంగతిని పెద్దలు వందయేండ్లకు పూర్వమే గుర్తించిరి. 1906లో హైదరాబాదున కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. 1907లో ఆ మండలి వెలువరించిన మొదటి గ్రంథము గాడిచెర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాం లింకన్ చరిత్రము. తెలుగువారికి ఇయ్యదలచిన మొదటి పుస్తకముగా అమెరికా దేశపు పేద రైతు కుమారుని చరిత్రను ఎన్నుకొనుటలో వారి దృష్టి స్పష్టముగా తెలియుచున్నది. లింకను బడికి వెళ్లిన దినములన్నియు కలిపినను ఒక సంవత్సరము కాలేదు. బాల్యమున ఆయన ఒక ఇరుగుపొరుగు రైతు వద్ద వాషింగ్టను జీవితచరిత్రను ఎరవు తెచ్చుకొనగా, వానకు అది తడిసి పాడైనది. ఖరీదు చెల్లించుటకు డబ్బు లేక, ఆ రైతు పొలములో కొన్ని దినములు పనిచేసి బాకీ తీర్చెను. పాడైన పుస్తకము అట్లు ఆయన స్వంతమైనది. ఆ బాలుడే 1861లో అధ్యక్షుడై, 1863లో బానిసల విముక్తి ప్రకటనము చేసెను.

1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల మొదటి మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి మూలస్తంభము. అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. ఆయన బాల్యము నుండియు దృష్టిదోషముతో బాధపడి, తుదకు చూపు పూర్తిగా కోల్పోయినవారు. తాము చెప్పుచుండగా ఇతరులచే వ్రాయించి గ్రంథములు రచించినవారు. ఒకరు చదువ మరియొకరు వినుట యను పద్ధతి విలువ ఆయన కంటె ఎక్కువ తెలిసినవారెవరు? తరువాత 1935లో పెదపాలెము సేవాశ్రమము పక్షమున పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు పెట్టి, కాలువ వెంట కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ తిప్పిరి. ఊరివారు గ్రంథాలయమునకు రానిచో గ్రంథాలయమే ఊరికి పోయినది.

ఇంతవరకు చెప్పినవి పెద్దల చరిత్రలు. ఇప్పుడు సామాన్య గ్రామస్త్రీల చరిత్రను చెప్పవలసియున్నది. మా దృష్టిలో పుస్తకము యొక్క బలమునకు దీనిని మించిన ఉదాహరణము తెలుగునాట లేదు. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము జరిగినది. పగలంతయు కూలికి పోయివచ్చిన స్త్రీలు రాత్రివేళ దీపము వెలుగున అక్షరములు దిద్దిరి. వారికొరకు తయారైన వాచకములలో చెట్టు, పిట్ట, పలక అను మాటలు మాత్రమే గాక వారి బ్రతుకులోని సంగతులను పాఠములుగా చేసిరి. కూలిడబ్బు సారాకొట్టునకు పోవుటయు, దాని వలన ఇంటిలో కలుగు ఆకలియు, దెబ్బలును అందులో ఉండెను. ‘సీతమ్మ కథ’ అను పాఠము వీనిలో పేరుపొందినది.

అక్షరములు కూడబలుకుకొని ఆ పాఠము చదివిన స్త్రీలకు అది కథగా తోచలేదు. అది తమ యింటి సంగతి. ఇంతకాలము ప్రతి యింటిలోను ఎవరి దుఃఖము వారు మ్రింగుకొని యుండిరి. పాఠము నలుగురి నడుమ బిగ్గరగా చదువబడినప్పుడు, ఇది నా ఒక్కదాని దుఃఖము కాదని ప్రతి స్త్రీకిని తెలిసివచ్చినది. దూబగుంట గ్రామ స్త్రీలు ఏకమై తమ ఊరిలో సారా అమ్మకమును ఆపించిరి. పిదప వారి కథయే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అను పేర మరియొక వాచకమున పాఠమైనది. ఇతర గ్రామముల స్త్రీలు దానిని చదివిరి. దూబగుంటలో జరిగినది మన ఊరిలో ఏల జరుగదని అడిగిరి. 1992లో ఉద్యమము జిల్లా అంతటను, తరువాత ఇతర జిల్లాలకును వ్యాపించినది. సారా వేలములను స్త్రీలు అడ్డుకొనిరి. 1993 అక్టోబరు 1వ తేదీ నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపబడినది. చట్టము వచ్చుట, పోవుట ప్రభుత్వముల విషయము. ఆ స్త్రీలు నేర్చినది మాత్రము పోలేదు. సారాకు పోకుండ మిగిలిన సొమ్ములో దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టుట నెల్లూరు జిల్లాలో అప్పుడే ఆరంభమైనది. నేటి పొదుపు సంఘములకు అదియొక మూలము.

ఆ వాచకము వెల యెంత? పుటలెన్ని? అట్ట అందముగా ఉండెనా? ఎవరికిని జ్ఞాపకము లేదు. చదువువారి బ్రతుకునకు దగ్గరగా ఉండుటయు, కూడి చదువుటయు దాని బలము.

పుస్తక పఠనమునకును ఆరోగ్యమునకును గల సంబంధమును గూర్చి పరిశోధనలు జరిగినవి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయము వారు 2016లో ప్రకటించిన అధ్యయనములో 50 ఏండ్లు దాటిన 3,635 మందిని పండ్రెండేండ్లు గమనించిరి. పుస్తకములు చదువువారు చదువనివారి కంటె సగటున 23 నెలలు ఎక్కువ జీవించినట్లు తేలినది. దీనిని వినగానే పుస్తకము ఆయుష్షు పెంచు మందని చాటింపు వేయరాదు. చదువువారికి తీరిక, ధనము, మంచి ఆహారము ఎక్కువగా ఉండవచ్చును. పరిశోధకులు ఆ భేదములను లెక్కలోనికి తీసికొన్నప్పటికిని అట్టి అధ్యయనము కారణమును పూర్తిగా నిరూపింపజాలదు. ఇంగ్లండులో 2013 నుండి, చింత, దిగులు వంటి బాధలు గలవారికి వైద్యులు పుస్తకముల పేర్లు సూచించుటయు, వారు వానిని ఊరి గ్రంథాలయము నుండి తెచ్చుకొనుటయు ఒక పథకముగా నడుచుచున్నది. ఎంపిక చేసిన పుస్తకములే అందులో ఉండును. పుస్తకము వైద్యునికి తోడు. వైద్యునికి బదులు కాదు.

ఈ సంగతిని సభ్యులు గట్టిగా గుర్తుంచుకొనవలెను. ఊరిలో ఎవరైనను చాలకాలముగా నిద్రాహారములు మాని, మాటలు తగ్గించి, బ్రతుకు మీద ఆశ పోయినట్లు మాటలాడుచున్నచో, వారి చేతిలో నీతి పుస్తకము పెట్టి ఊరకుండుట తగదు. దగ్గర కూర్చుండి వారి మాట వినవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడవచ్చును. ఆ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడ మీద పెద్ద అక్షరములతో వ్రాయించుట అరగంట పని.

ఇక గ్రామ గ్రంథాలయమున ఏ పుస్తకములుండవలెనన్న ప్రశ్న. పోటీ పరీక్షల పుస్తకముల కొరకు యువకులు అడుగుచున్నారు. అవి తప్పక ఉండవలెను. కాని అవి మాత్రమే యున్నచో ఉద్యోగము దొరికినవాడు గ్రంథాలయమును మరచును, దొరకనివాడు ద్వేషించును. మా అభిప్రాయమున జీవితచరిత్రలకు, ఆత్మకథలకు మొదటి స్థానమీయవలెను. మహాత్ముని ‘సత్యశోధన’, వీరేశలింగముగారి ‘స్వీయచరిత్రము’ వంటివి ఉపదేశము చేయవు. ఒక మనిషి ఎట్లు తడబడెనో, ఎట్లు నిలదొక్కుకొనెనో చూపును. విజయసూత్రములు పది చదువుటకంటె తన తప్పును తానే చెప్పుకొన్న ఒక్క మనిషి కథ చదువుట మేలు. తరువాత ఆరోగ్యము, వ్యవసాయము, చట్టములను గూర్చిన సులభగ్రంథములు. పిల్లలకు బొమ్మల కథలు. క్రొత్తగా అక్షరములు నేర్చినవారికి, చూపు తగ్గిన వృద్ధులకు పెద్ద అచ్చుగల పుస్తకములు వేరుగా నుంచవలెను. ఈ జాగ్రత్త లేని చోట వారు ఒకసారి వచ్చి, సిగ్గుపడి, మరల రారు.

పుస్తకములు కొనుటతో పని ముగియలేదు. పూర్వము ఐరోపా దేశములలో గ్రంథములు దొంగిలింపబడునను భయముతో వానిని బల్లలకు ఇనుప గొలుసులతో కట్టియుంచెడివారు. మన ఊళ్లలో గొలుసులు లేవు, బీరువా తాళములు కలవు. పుస్తకము చినుగునను భయమున దానిని చెదలకు అప్పగించుట కంటె, పదిమంది చేతులలో నలిగి చినుగనిచ్చుట మంచిది. వేళల సంగతియు అట్టిదే. కూలికి, పొలమునకు పోవువారు ఇంటికి చేరునది సాయంకాలము. వారు పనిలోనున్న వేళ తెరచి, వారు వచ్చు వేళకు మూయు గ్రంథాలయము ఎవరికొరకు? వారమున ఒక దినము, రాత్రి భోజనమునకు ముందు, రచ్చబండ దగ్గరనో, పొదుపు సంఘపు కూటములోనో బడిపిల్లవాడొకడు పావుగంట చదివి వినిపించు ఏర్పాటుకు పంచాయతీకి కానీ ఖర్చు లేదు. సెల్‌ఫోను చేతికి వచ్చిన తరువాత ఎవరు విందురని కొందరు శంకింతురు. పెద్దవారి సంగతి ఎట్లున్నను, మనుమడు చదువుచున్నాడన్న వార్త తెలిసినచో తాతయు అవ్వయు తప్పక వత్తురు.

ధనము సంగతి చెప్పి ముగింతుము. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము, 1948 నాటి మద్రాసు చట్టమునకును, 1955 నాటి హైదరాబాదు చట్టమునకును బదులుగా వచ్చినది. 2014 తరువాత రెండు రాష్ట్రములలోను అది అమలునందున్నది. దాని ప్రకారము ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడ వసూలు కావలెను. అయిదువందల రూపాయల ఇంటిపన్ను కట్టు గృహస్థు నలుబది రూపాయలు గ్రంథాలయము కొరకు కట్టుచున్నాడన్నమాట. మూడు లక్షల ఇంటిపన్ను గల గ్రామమున ఈ సొమ్ము సంవత్సరమునకు ఇరువదినాలుగు వేలు. ఇది పంచాయతీ సొమ్ము కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలసిన సొమ్ము. పెక్కుచోట్ల వసూలైనది ఇతర అవసరములకు వాడుకొనబడి, బాకీ ఏండ్ల తరబడి పెరుగుచున్నది. అట్టప్పుడు సంస్థ వద్ద క్రొత్త పుస్తకములకు, పత్రికల చందాలకు ధనముండదు. ఆ తరువాత మన ఊరి గ్రంథాలయములో పాత పుస్తకములే యున్నవని మనమే ఆక్షేపింతుము.

కావున వచ్చు సమావేశములో సభ్యులు కార్యదర్శిని రెండు సంగతులు అడుగవచ్చును. గడచిన సంవత్సరమున గ్రంథాలయ పన్ను ఎంత వసూలైనది, అందులో ఎంత, ఏ తేదీన జమకట్టబడినది? ఊరిలో శాఖా గ్రంథాలయము లేనిచో, పుస్తక నిక్షిప్త కేంద్రము కొరకు తీర్మానము చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపవచ్చును. ఏటేట నవంబరు 14 నుండి 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములలోపల ఈ పని పూర్తియైనచో, ఆ వారమున మొదటి పుస్తకము చదివి వినిపించుటకు ఊరి స్త్రీల సంఘము నుండి ఒకరిని పిలువవచ్చును.